బల్లిని గీసినవాడు

కోతలు కోసేవాడికి కాఫీ కొట్టు కావాలి, కాఫీ కొట్టుకి కోతలు కోసేవాడు కావాలి. ఇరవయ్యేళ్లుగా సంగియం అన్నకీ నాకూ మధ్య ఉన్న ఒప్పందం ఇదే. ఆయన మాట్లాడతాడు, జనం కూర్చుంటారు, కూర్చున్నవాళ్లు రెండో గ్లాసు అడుగుతారు. మా భాషలో ఆయన పేరుకి అణకువ అని అర్థం. కన్నవాళ్లు ఆశపడి పెట్టుకున్నారు, వాళ్ల తప్పేం లేదు.

ఆ రోజు పొద్దున్న మా ఫెచ్‌బురి సంతకి బ్యాంకాక్ నుంచి ఒకమ్మాయి వచ్చింది. పేరు అరుణీ. పాత సినిమా రీళ్లు వెతికి దాచే ఆఫీసులో పని. ఎక్కడో మందుల కంపెనీ గోదాములో, తుప్పు పట్టిన బిస్కెట్ల డబ్బాలో, "దున్న పడవెక్కింది" అనే బొమ్మల సినిమా ముక్క దొరికిందట. మనుషులు నటించింది కాదు. చేత్తో వేల బొమ్మలు గీసి, ఒక్కొక్కటే ఫోటో తీసి, కదిలేలా చేసిన సినిమా. మా దేశంలో అలాంటి పని ఇంకా ఎవరికీ చేతకాని రోజుల్లో తీసింది. ఆరు నిమిషాల్లో మిగిలింది నలభై సెకన్లు. ఆ డబ్బా మీద అంటించే చీటీలో "గీసినవారు" అన్నచోట ఖాళీ ఉంది. అది నింపుకుని సాయంత్రం రైలుకి ఆ పిల్ల వెళ్లిపోవాలి.

సంతలో ఎవర్నడిగినా సంగియం పేరే చెప్పారట. చెప్పరూ మరి? ఇన్నేళ్లుగా చెప్పుకుంటున్నది ఆయనొక్కడే.

ఆ ఖాళీలో ఉండాల్సిన పేరు నాకు తెలుసు. సంలీ పంతులమ్మ. ఆడపిల్లల బళ్లో డ్రాయింగు చెప్పేది. పోయి పదకొండేళ్లయింది. ఆ సినిమా తీసిన మూడేళ్లూ ఆవిడ పక్కన నేనున్నాను. కానీ నా దగ్గర ఉన్నది నోటిమాటొక్కటే. కాఫీ గుడ్డ పిండుకునేదాని మాట ఒకవైపు, ఊరూరా మైకులో మోగిన గొంతు ఇంకోవైపు. ఏది బరువు తూగుతుందో నాకు తెలీదా? అందుకని నోరు మూసుకుని కాఫీ వడపోస్తూ నిలబడ్డాను. గుడ్డ ఎత్తి పట్టుకుంటే నా వంకర చిటికెనవేలు ఎప్పట్లాగే విడిగా బయటికి నిక్కింది. చిన్నప్పుడు పడవకీ రేవు మెట్టుకీ మధ్య నలిగిన వేలు. ఇంక దేనికీ తిన్నగా రాదు.

"నేను చేసింది ఏమంత గొప్ప పని కాదమ్మాయ్," అని మొదలుపెట్టాడు సంగియం అన్న. వినయంతో మొదలైన కోతకి అడ్డూ ఆపూ ఉండదు. "ఒక దున్నపోతుని నాలుగడుగులు నడిపించాను, అంతే. లోకమంతా దున్నని కర్రతో నడిపిస్తుంది, నేను పెన్సిలుతో నడిపించాను. ఏముందందులో?"

"అసలెలా తట్టింది బాబాయ్‌గారూ?" అరుణీ పుస్తకం తెరిచింది. నిజంగానే తెలుసుకోవాలని ఉన్న కళ్లు. "అప్పట్లో ఇక్కడ నేర్పేవాళ్లు కూడా లేరు కదా?"

"నోటుపుస్తకం నేర్పింది తల్లీ! పేజీ మూలకో దున్న బొమ్మ, పక్క పేజీలో అదే దున్న, తోక రవ్వంత పైకి. ఇలా బొమ్మ బొమ్మకీ రవ్వంత జరుపుకుంటూ పోయి, పేజీలన్నీ బొటనవేలితో జర్రున వదిలితే దున్న తోక ఊపింది. నేను భయపడి పుస్తకం మూసేశాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా? మూసిన పుస్తకంలోంచి ఈగలు లేచిపోయాయి."

"ఏ బళ్లో బాబాయ్?" రిక్షా కేత్ అరుగు మీంచి అడిగాడు. పొద్దుటి బేరాలు వదులుకుని మరీ ఈయన మాటలకి చెవి పడేసే మనిషి. "నువ్వు చదివింది మూడో తరగతే కదా?"

"మూడో తరగతే నాలుగేళ్లు చదివాను. నీలాగా ఏడాదికో తరగతి దాటుకుంటూ పరిగెత్తలేదు. సరే, తర్వాత బ్యాంకాక్ హాల్లో తెల్లోళ్ల బొమ్మల సినిమా ఒకటొచ్చింది. పదకొండుసార్లు చూశాను. పన్నెండోసారికి టికెట్లు చింపేవాడే, అయ్యా మీరు లోపల కూర్చోండి, నేను బయట నించుంటాను, తమకంటే ఆ సినిమా నాకేం తెలుసు అన్నాడు. చూడ్డమంటే ఎలా చూశాననుకున్నావ్! కళ్లు మూసి తెరిచి, మూసి తెరిచి, ఒక్క అడుగు వెయ్యడానికి ఎన్ని బొమ్మలో లెక్కపెట్టుకుంటూ చూశాను."

పదకొండు అన్న అంకె నిజమే. పదకొండు ఆదివారాలు రైలెక్కి వెళ్లి చూసింది సంలీ పంతులమ్మ. సంగియం అన్న కోతల్లో ఇదే చిక్కు. గింజలన్నీ ఆవిడ పొలంలోవి, ఊక మాత్రం ఆయనది.

"ఇక కెమెరా బోర్లా వేలాడదియ్యడానికి బల్ల కావాలి కదా? నా కుట్టుమిషను తల పీకేశాను. కింద తొక్కుడుపలకకి తీగ కట్టాను. రెండు చేతులతో బొమ్మ మార్చడం, కాలితో తొక్కడం, పైన కెమెరా క్లిక్కుమనడం. బొమ్మ, తొక్కు, క్లిక్కు. బొమ్మ, తొక్కు, క్లిక్కు."

"నీకు కుట్టుమిషను ఎక్కణ్ణుంచొచ్చింది?" అన్నాడు కేత్. "చొక్కా బొత్తం ఊడి మూణ్ణెల్లయింది, ఇంకా కాయితాలకి పెట్టే పిన్ను పెట్టుకు తిరుగుతున్నావు!"

"మిషనే సినిమాకిచ్చేశాక బొత్తం దేంతో కుట్టుకోమంటావురా? అదీ త్యాగమంటే. అన్నం మాట కూడా మర్చిపోయి గీసేవాణ్ణమ్మాయ్. వంగి గీస్తుంటే జుట్టు జారి రంగులో పడేది. దాన్ని పైకి ముడేసి, ముడిలో పెన్సిలు గుచ్చుకుని..."

అరుగు మీదున్నవాళ్లందరూ ఒక్కసారి ఆయన తల వైపు చూశారు. కొబ్బరి చిప్ప బోర్లించినట్టుంటుంది. నాకు తెలిసిన నలభై ఏళ్లుగా అలాగే ఉంది. ముడిలో పెన్సిలు గుచ్చుకున్న మనిషెవరో కూడా నాకు తెలుసు.

"ముడి?" అన్నాడు కేత్.

"నడుం దాకా ఉండేది!" సంగియం అన్న గుటక కూడా మింగలేదు. "సినిమాకే ఇచ్చేశాను. బ్రష్షులు కొనే స్తోమతెక్కడిది? వెంట్రుక వెంట్రుకా పీకి బ్రష్షులు కట్టాను. ఆ దున్న కనురెప్పలు చూశావా అమ్మాయ్, ఎంత నల్లగా ఉంటాయో? అవన్నీ నా జుట్టే."

అరుణీ నవ్వాపుకుని రాసుకుంది. "బొమ్మలు దేని మీద గీశారు? కాయితం మీద గీసినట్టు లేదు. వెనకున్న నదీ ఆకాశం కనబడుతున్నాయి."

"హమ్మయ్య, తెలిసినపిల్లవి! కాయితమైతే ప్రతిసారీ నది కూడా గీసుకు చావాలి. గాజులాంటి పలచని పలకలు కావాలి. అవి తెల్లోళ్ల సీమ నుంచి రావాలి. నేనేం చేశాను? పెద్దాసుపత్రికి పోయి పనికిరాని ఎక్స్‌రేలన్నీ మోసుకొచ్చాను. వేడినీళ్లలో సోడా వేసి నానబెట్టి కడిగితే లోపలి ఎముకలన్నీ కరిగిపోయి తెల్లటి పలక మిగిలేది. దాని మీద దున్నని గీసి, ఫోటో తీసి, మళ్లీ కడిగి, మళ్లీ గీసి. అలా నాలుగువేల బొమ్మలు."

"అందుకేనా ఒక్క బొమ్మా మిగల్లేదు!" అరుణీ మొహం వాడిపోయింది.

"మిగల్లేదు. కానీ ఎముకలు మిగిలాయి! కొన్ని ఎంత కడిగినా పోలేదు. సినిమాలో ఆకాశంలో చారలు చారలుగా మబ్బులుంటాయి చూడు, అవి మబ్బులు కావు, ఎవరివో పక్కటెముకలు. పక్కన బాన్‌లేమ్ ఊళ్లో సినిమా వేసిన రోజు డాక్టరుగారు ముందు వరసలో కూర్చున్నారు. సగంలో లేచి, ఆపండి, ఆ మబ్బులో ఎడమవైపు మూడోది విరిగింది అని అరిచారు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? వెనక వరసలోంచి ఒకాయన లేచి, అది నాదేనండీ, అందుకేనా రెండేళ్లుగా తుమ్మితే నొప్పి అన్నాడు. అక్కడికక్కడే కట్టు కట్టించాం. సినిమా చూపించి వైద్యం చేసినవాణ్ణి ప్రపంచంలో నేనొక్కణ్ణే."

నవ్వులకి అరుగు దద్దరిల్లింది. నేనూ నవ్వాను. నవ్వు రాదనడం అబద్ధం. ఆయన చెప్పే తీరు అలాంటిది. అసలాయన పనే గొంతు. ఆ రోజుల్లో సినిమాలకి మాటలుండేవి కావు. మందుల కంపెనీ బండి ఊరూరా తిరిగి, పొలంలో తెర కట్టి, ఊరికే సినిమా వేసేది. సంగియం అన్న మైకు పట్టుకుని మగగొంతు, ఆడగొంతు, పిల్లగొంతు, కుక్కగొంతు అన్నీ తనే పలికేవాడు. కథ మంచి పట్టులో ఉండగా దీపం వేసి సినిమా ఆపేసి, కడుపునొప్పి పొడి పొట్లాలు అమ్ముడుపోయాకే మిగతాది చూపించేవాళ్లు. పంతులమ్మ తన సినిమా జనం చూస్తే చాలనుకుని రీలు ఆ బండికిచ్చింది.

మొదటి ఏడాది ఆయన మైకులో "ఫెచ్‌బురి సంలీ పంతులమ్మ గీసిన బొమ్మలు" అన్నాడు. రెండో ఏడాది "మా ఊరి పంతులమ్మ గీసినవి" అన్నాడు. తర్వాత "మా ఊళ్లో గీసినవి". తర్వాత "మేం గీసినవి". చివరికి మిగిలిన మాట చిన్నది, "నేను". ఎవరూ దొంగిలించలేదు. ఊరికి ఊరికీ మధ్య కాస్త కాస్త రాలిపోయింది. రాలేటప్పుడు ఎప్పుడూ ఆడదాని పేరే ముందు ఎందుకు రాలుతుందో ఆ మందుల పొడి అమ్మినవాళ్లనే అడగాలి.

"బడి దగ్గర ఒక ముసలి వాచ్‌మన్ సంలీ అని ఒక టీచరు పేరు చెప్పాడండీ," అంది అరుణీ. "ఆవిడకీ ఈ సినిమాకీ ఏమైనా..."

నా చేతిలో గుడ్డ ఆగిపోయింది.

"సంలీ పంతులమ్మా? అయ్యో, దేవతలాంటి మనిషి!" సంగియం అన్న కాఫీ ఒక గుక్క తాగాడు. "బ్రష్షులు కడిగిపెట్టేది. ఎక్స్‌రేలు కూడా కొన్ని ఆవిడే కడిగింది. ఆడవాళ్లకి ఓపిక ఎక్కువ కదా. కావాలంటే కింద చిన్న అక్షరాలతో రాసుకో తల్లీ, 'కడిగినది సంలీ' అని."

అరుణీ పెన్ను రాయడానికి వంగింది. వేడి డికాషన్ నా వేళ్ల మీద ఒలికింది. అప్పుడు అరవాలనిపించింది. అరిస్తే ఏమవుతుంది? ఈ తోంగ్‌బైకి కుళ్లు అంటారు. ఆడవాళ్ల గొడవ అంటారు. సాక్ష్యమేదీ అంటారు. నీళ్లలో కడిగేసిన నాలుగువేల బొమ్మల్ని ఎక్కణ్ణుంచి తేను?

గ్లాసు తుడిచి పక్కన పెట్టాను. "అన్నా," అన్నాను, ఎంత మెత్తగా అనగలనో అంత మెత్తగా. "ఆ పిల్ల అంత దూరం నుంచొచ్చింది. బల్లి సంగతి చెప్పవూ?"

"బల్లా!" అరుణీ తలెత్తింది. "మాకు దొరికిన నలభై సెకన్లూ ఆ బల్లేనండీ! దున్న పడవెక్కబోతుంటే పైనుంచి బల్లి పడి ఎగురుతుంటుంది. మా ఆఫీసులో అందరం దాన్ని యాభైసార్లు చూశాం. దున్న చక్కటి బొమ్మ, కానీ బల్లి మాత్రం ప్రాణంతో ఉన్నట్టుంటుంది. అదెలా గీశారో చెప్పగలిగిన మనిషే ఆ సినిమా తీసిన మనిషని మా పెద్దాఫీసరు అంటాడు."

"చెప్పావు తోంగ్‌బై! అసలు కథ మర్చేపోయాను." సంగియం అన్న కుర్చీ ముందుకి లాక్కున్నాడు. "దున్న బయల్దేరింది. బయల్దేరేటప్పుడు బల్లి పలికితే ఏం చేస్తాం? ప్రయాణం ఆపేస్తాం. ఇది తెల్లోళ్లకి తడుతుందా? నాకు తట్టింది. ఒక బల్లిని గీశాను. నచ్చలేదు. వంద గీశాను. వెయ్యి గీశాను. గోడమీద బల్లి ఎదురుగా కూర్చుని ఆర్నెల్లు దాని మొహం చూశాను. మా ఆవిడ పుట్టింటికి పోయింది, బల్లి మాత్రం ఉండిపోయింది. చివరికి తొమ్మిదివేల తొమ్మిదివందల తొంభైతొమ్మిదో బల్లి కుదిరింది."

"సినిమా మొత్తం నాలుగువేల బొమ్మలే అన్నావుగా ఇందాక?" అన్నాడు కేత్.

"నాలుగువేలూ దున్నవిరా. బల్లివి వేరే. మొదటిసారి తెర మీద పడగానే ఏమైందో తెలుసా? పొలంలో ఒక్క దోమ లేదు! బల్లిని చూసి పారిపోయాయి. రెండో ఊళ్లో పిల్లులొచ్చాయి. ఒకటి కాదు, పదిహేడు. తెర చీలికలు పీలికలు. మూడో ఊళ్లో గుళ్లో బల్లులన్నీ దిగొచ్చి తెర చుట్టూ వరసగా కూర్చుని మన బల్లికి సంబంధాలు మాట్లాడాయి. కాదంటావా కేత్? అడుగు, బాన్‌లేమ్‌లో ఎవర్నైనా అడుగు. ఒక రోజు రీలు డబ్బాలో ఉండగానే పలికింది, కిచ్ కిచ్ కిచ్ అని. సరిగ్గా అప్పుడు గవర్నరుగారు పడవెక్కబోతూ కాలు వెనక్కి తీసుకున్నారు. ఆ పడవ అవతలి ఒడ్డు చేరలేదు! నా బల్లే గవర్నరు ప్రాణం కాపాడింది. పతకం ఇస్తామన్నారు, బల్లికి మెడ ఉండదు, ఎక్కడ వేస్తారని నేనే వద్దన్నాను. అమెరికావాళ్లు ఓడేసుకొచ్చారు బల్లిని అమ్మమని. అమ్మలేదు. ఎందుకో తెలుసా? అప్పటికది రీల్లో గుడ్లు పెట్టింది."

కేత్ నవ్వలేక అరుగు దిగి కిందే కూర్చున్నాడు.

"గుడ్ల సంగతి ఎలా ఉన్నా," అన్నాను నేను, "ఆ బల్లిని గీసింది మాత్రం నువ్వేనా అన్నా? వేరే ఎవరి చెయ్యీ పడలేదా?"

"నా చేత్తోనే! దున్నకి ఎవరైనా కాస్త రంగు పూశారేమో, బల్లి దగ్గరికి ఎవర్నీ రానివ్వలేదు. మన ఊరి కొండ మీద కోతులన్నిటి మీదా ఒట్టు. రాసుకో తల్లీ."

అరుణీ రాసుకుంది. తర్వాత సంచీలోంచి కవరు తీసి, రీల్లోంచి పెద్దవి చేయించిన ఫోటోలు బల్ల మీద పేర్చింది. "అయితే మీరొక్కరే చెప్పగలరు. బల్లి కింద నీడ ఉంది. దున్నకి లేదు, పడవకి లేదు, బల్లికే ఉంది. ఎందుకని?"

"నీడ కూడా గీశానమ్మా! నీడ లేని బల్లి బల్లేనా?"

"ఇంకోటి. ఈ ఫోటోలో అంచున ఒక చెయ్యి ఉంది. ఒకే ఒక్క బొమ్మలో. ముందు బొమ్మలో లేదు, తర్వాత బొమ్మలో లేదు. తెర మీద రెప్పపాటు కూడా ఉండదు, అందుకే ఎవరూ చూసుండరు."

సంగియం అన్న ఫోటో మీదకి వంగాడు. ఆ సినిమాని వెయ్యిసార్లు తెర మీద చూసినవాడు, ఆ చేతిని మాత్రం మొదటిసారి చూస్తున్నాడు. తేరుకోవడానికి ఒక్క ఊపిరి పట్టింది ఆయనకి, అంతే.

"దేవుడి చెయ్యది," అన్నాడు. "బల్లిని అదిలించే దేవుడి చెయ్యి. దాన్నీ నేనే గీశాను. ఆ ఒక్క చేతికే నాలుగు నెలలు పట్టింది. గోళ్లు చూడు, కణుపుల మీద ముడతలు చూడు!"

నేను ఆయన అడక్కుండానే ఇంకో కాఫీ తెచ్చి ముందు పెట్టాను. పెట్టిన చెయ్యి తియ్యలేదు. ఫోటో పక్కన, బల్ల మీద, వేళ్లు చాపి అలాగే ఉంచాను. ముప్ఫయ్యేళ్ల ముడతలు ఎక్కువున్నాయి. మిగతాదంతా అదే.

"నాలుగు నెలలు కూర్చుని గీశావు కదన్నా," అన్నాను. "ఈ చిటికెనవేలు కాస్త తిన్నగా గీస్తే నీ సొమ్మేం పోయేది?"

కేత్ లేచొచ్చి ఫోటో చూశాడు, నా చెయ్యి చూశాడు, మళ్లీ ఫోటో చూశాడు. తర్వాత సంతంతా వినబడేలా నవ్వాడు. అరుణీ నవ్వలేదు. పుస్తకంలో కొత్త పేజీ తిప్పింది.

"వానాకాలం సాయంత్రం," అన్నాను ఆ పిల్లతో. "దీపాల వెలుగుకి పురుగులొచ్చాయి, పురుగుల కోసం బల్లి వచ్చి, బొమ్మ కదలకుండా పైన పెట్టే అద్దం మీద పడింది. అద్దం కింద బొమ్మ, పైన నిజం బల్లి. నీడ అందుకే. బొమ్మ మార్చడానికి పంతులమ్మ అద్దం ఎత్తితే బల్లి దీపపు కొయ్య ఎక్కేది, దించితే మళ్లీ దిగేది. కుట్టుమిషను తొక్కుడుపలక తొక్కేది నేను. చూసుకోకుండా తొక్కుతూనే ఉన్నాను. చూసుకుని చెయ్యి చాపి తోలబోయాను, అప్పటికే కాలు పడింది. క్లిక్కుమంది. ఫిల్ము దొరికే రోజులా అవి? ఏడ్చేశాను. పంతులమ్మ కాసేపు బల్లినే చూసి, ఏడవకు తోంగ్‌బై, నా దున్న కంటే అదే బాగా నటిస్తోంది, ఉండనీ అంది. మర్నాడు కూర్చుని, దున్న తలెత్తి బల్లి కోసం వెతికే బొమ్మలు కొత్తగా నూటయాభై గీసింది. పడినది తప్పు. ఆ తప్పుని కథ చేసింది ఆవిడ."

అరుణీ ఫోటోలు మళ్లీ ముందుకి లాక్కుంది. "అయితే ఈ సినిమాలో ఎవరూ గీయనిది..."

"బల్లి ఒక్కటే," అన్నాను. "అన్నయ్య ఒట్టేసి తనదన్నదీ అదొక్కటే."

సంగియం అన్న కాఫీలోకి చూస్తున్నాడు. ఆ గొంతు ఆగితే సంతలో చేపలమ్మేవాళ్ల కేకలు వినపడ్డాయి. ఇన్నేళ్లలో నా కొట్టులోంచి అవి నేనెప్పుడూ విన్లేదు. అరుణీ చీటీ మీద రాసి నాకు చూపించింది. గీసినవారు: సంలీ. పెద్ద అక్షరాలతో.

"గొంతు సంగియం అని కూడా రాయి," అన్నాను. "అది నిజంగానే ఆయనది. ఆ కిచ్ కిచ్ విని పంతులమ్మ కూడా పొట్ట పట్టుకుని నవ్వింది."

రాసింది. పెన్నుకి మూత పెట్టింది.

కాసేపటికి సంగియం అన్న గొంతు సవరించుకున్నాడు. పడ్డా లేచే రకం. "బల్లి పేరు కూడా రాయాల్సింది తల్లీ," అన్నాడు. "ఆ సినిమాలో జీతం లేకుండా పనిచేసింది పాపం అదొక్కటే."

"అదొక్కటే కాదులే అన్నా," అని నేను గుడ్డ పిండుకున్నాను.

అరుణీ పెన్ను మూత మళ్లీ తీసింది.

"మీ పూర్తి పేరు చెప్పండత్తా," అంది.